ఇంటికో చిరుత ఉండాలి

ప్రతి కుటుంబానికీ పెరటి వెనక ఒక చిరుతపులి తప్పనిసరిగా ఉండాలి. నవ్వకండి! కరెంటు ఇచ్చినట్టు, కుళాయి ఇచ్చినట్టు, ఇంటికో చిరుతను కూడా ప్రభుత్వమే ఇవ్వాలని నా డిమాండు.

ఈ మాట అంటున్నది ఎవరనుకుంటున్నారు? కుక్కర్ విజిల్ వేస్తే గుండె పట్టుకునే మనిషిని. ఫోన్ మోగితే, ఎవరికేమైందోనని ముందు కుర్చీ చూసుకుని కూర్చుని, అప్పుడు ఎత్తుతాను. పెద్దగా చదువుకోలేదు కానీ, చెడు ఎన్ని దారుల్లో రాగలదో ఆ ఒక్క సబ్జెక్టులో నాకు డాక్టరేట్ ఇవ్వొచ్చు. అలాంటి నేనే చిరుత కావాలంటున్నానంటే అందులో ఎంత లాభం ఉండాలి!

మాది ఊరి చివర, అడవిని ఆనుకుని ఉన్న ఇల్లు. బాత్రూమ్ పెరటి కొసన ఉంటుంది. కోళ్ల గూడు దానికీ అవతల. వానలు మొదలైన కొత్తలో చిరుత వచ్చి మా మేకను ఎత్తుకుపోయింది. మేకను తలుచుకుని తిండి మానేశాను. మేక బదులు మా అమ్మాయే అయ్యుంటే అని తలుచుకుని నిద్ర మానేశాను.

ఫారెస్టు గార్డు వచ్చి తడి మట్టిలో దాని అడుగు చూపించాడు. "ఇదిగో అమ్మా, ఇది అరికాలు. ముందు నాలుగు వేళ్లు. గుర్తుపెట్టుకోండి" అన్నాడు. అని ఊరుకోకుండా ఒక రూలు కూడా పెట్టాడు. చీకటి పడ్డాక, తెల్లగా తెల్లారేదాకా, ఎవరూ ఒంటరిగా గడప దాటకూడదు. ఇద్దరేసి వెళ్లాలి. గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లాలి. మనిషి గొంతు వింటే అది పక్కకు తప్పుకుంటుందట.

మా ఇంట్లో మాట్లాడుకోవడమా! దానికన్నా చిరుతతో సర్దుకుపోవడమే సులువనిపించింది.

మా ఆయన కోత మిల్లులో పనిచేస్తారు. పగలంతా రంపం మోత. ఇంటికొచ్చాక "ఊఁ" అంటే గొప్ప, "ఊఁహూఁ" అంటే ఉపన్యాసం. కాలేజీకి వెళ్లే మా అమ్మాయిని చూస్తే ఇయర్‌ఫోన్లు చెవుల్లోంచే మొలిచాయేమో అనిపిస్తుంది. ఇక అత్తగారు. మిక్సీ మూత ఎవరు పగలగొట్టారన్న దగ్గర మా ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. కొత్త మూత వచ్చింది, మాటలు రాలేదు.

అయితే ప్రాణభయం ముందు మౌనవ్రతాలు నిలుస్తాయా?

"మాట్లాడండి!" అన్నాను మొదటిరోజు సాయంత్రం ఆయనతో, టార్చి పట్టుకుని.

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి! మీ మిల్లు గురించి చెప్పండి!"

ఆయన గొంతు సవరించుకుని, పొదల వైపు తిరిగి, ఏ దుంగను ఎటునుంచి కోస్తే పగలకుండా వస్తుందో చిరుతకు పాఠం చెప్పడం మొదలుపెట్టారు. నేను బాత్రూమ్‌లోంచి "ఆఁ, తర్వాత? ఆఁ, తర్వాత?" అంటూ ఉన్నాను. పెళ్లయ్యాక మేమిద్దరం అంతసేపు కబుర్లాడుకోవడం అదే మొదలు!

నాలుగు రోజులకు దుంగలు అయిపోయాయి. అప్పుడన్నారు, చీకట్లోకి చూస్తూ: "ఎడం చెవి సరిగా వినపడట్లేదే. చాన్నాళ్లయింది."

నేను పడుకునేది ఆయనకు ఎడం పక్కనే! జవాబు చెప్పరేమని ఎన్ని దిళ్లు తడిపాను!

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్తే ఊరుకుంటావా? ఇప్పటికే నిద్రలో నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తావు."

ఆయన మెలకువగా ఉండి చూస్తున్నారని నాకేం తెలుసు?

మర్నాడు కోళ్ల గూడు మూయడానికి అమ్మాయి తోడొచ్చింది. "అమ్మా, నేను కెమిస్ట్రీ ఫెయిలయ్యాను. అరవకు. పోనీ అరిచెయ్యిలే, చిరుత పారిపోతుంది" అంది.

పొద్దున్నే గుడ్లు తెచ్చే డ్యూటీ అత్తగారిదీ నాదీ. మాట్లాడాలి కాబట్టి, ఆగిన చోటునుంచే అందుకున్నాం.

"మూత నీ చేతిలోంచే జారింది."

"మీరు తడి చేత్తో అందిస్తే జారదా?"

"నా చేతికి వంకలు పెట్టేంతదానివయ్యావా!"

ఆ జోరుకు చిరుతే కాదు, దాని బంధుబలగమంతా కొండెక్కి ఉంటుంది. ఇంత తగువులోనూ బురద వచ్చేసరికి ఆవిడ నా భుజం పట్టుకునే దాటేవారు.

చెప్పండి, ఏ ఫ్యామిలీ కౌన్సెలరు ఇంత పని చేయగలడు? ఫీజు ఒక్క మేక!

ఇంకో లాభం కూడా ఉంది. చిరుత ఉన్నన్నాళ్లూ నా భయం ఎవరికీ బరువనిపించలేదు. అందరూ భయపడే ఇంట్లో నేనూ మామూలు మనిషినే కదా!

ఇంతలో గార్డు మళ్లీ వచ్చాడు. "గుడ్ న్యూస్ అమ్మా! కొండ అవతల కెమెరాలో పడింది. ఇక ఇటు రాదు. నిశ్చింతగా ఉండండి."

నిశ్చింతగానా! నాతో అనాల్సిన మాటేనా అది?

ఆ సాయంత్రం ఆయన టార్చి తీసుకుని ఒక్కరే పెరట్లోకి వెళ్లొచ్చారు. అమ్మాయి చెవుల్లో మళ్లీ ఇయర్‌ఫోన్లు మొలిచాయి. అత్తగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. "చెవి డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్దామండీ?" అని అడిగాను. ఎడం పక్కన నిలబడ్డానో ఏమో, జవాబు రాలేదు.

తెల్లారి లేచి పెరట్లోకి వెళ్లేసరికి అత్తగారు అప్పటికే అక్కడున్నారు. కుళాయి దగ్గర కూర్చుని గోళ్లలో మట్టి రుద్దుకుంటున్నారు.

"చూశావా? మళ్లీ వచ్చిందే ముదనష్టపుది!" అన్నారు, తల ఎత్తకుండా.

కోళ్ల గూటి ముందు తడి మట్టిలో అడుగు. అరికాలు గుండ్రంగా, చక్కగా, ఎవరో పిడికిలితో అద్దినట్టు దిగింది. దాని ముందు వేళ్లు. వంగి చూశాను. ఐదు!

అత్తగారు నావైపు చూశారు. నేను ఆవిడ వైపు చూశాను.

"అమ్మో, చిరుత!" అని ఇల్లదిరేలా కేకపెట్టాను. ఆయన పట్టపగలు టార్చితో పరిగెత్తుకొచ్చారు. అమ్మాయి ఇయర్‌ఫోన్లు పీకేసి, "అమ్మా, నువ్వు కదలకు, నేనొస్తున్నా!" అని అరిచింది.

గార్డుకు ఫోన్ చేస్తే, ఇప్పుడే వస్తున్నానన్నాడు.

అందుకే, అతను వచ్చేలోపు, ఆ ఐదో వేలిని చెప్పుతో చెరిపేశాను.