ఉరుము గారి నకిలీ వీడియో

ప్రచారానికి అదే ఆఖరి రోజు. పొద్దున్నే పన్ను పీకించుకుని, ఇంటికొచ్చి, ఓటర్లకు ఒక వీడియో చేసి పంపాలన్నది శాసనసభ్యుడి ఏర్పాటు. మైకు లేకుండానే వీధి చివరిదాకా వినపడే గొంతు కాబట్టి అందరూ ఆయన్ని ఉరుము గారనే అంటారు, ఎదురుగా తప్ప. ఎన్నికల్లో నకిలీ వీడియోలను అదుపు చేసే రాష్ట్ర చట్టం ఆయన పట్టుబట్టి తెచ్చిందే. కంప్యూటర్‌తో లేని మనిషిని పుట్టించి మాట్లాడించే ప్రతి వీడియో మీదా 'నకిలీ' అని ఎర్రపట్టీ ఉండి తీరాలన్నది ఆ చట్టం సారాంశం.

పన్ను అనుకున్నంత తేలిగ్గా రాలేదు. ఇంటికొచ్చేసరికి దవడ బంతిలా ఉబ్బింది, నాలుక మొద్దుబారింది. ఆఫీసు వ్యవహారాలు చూసే బావమరిది మంచి ప్రసంగమే రాసిపెట్టాడు గానీ, అందులో ప్రత్యర్థిని తిట్టే మాటలన్నీ పొడుగాటి సమాసాలే. ఒక్కదానికీ నోరు తిరగలేదు. తిరగనివన్నీ కొట్టేస్తూ పోతే చివరికి నాలుగు ముక్కలు మిగిలాయి. బావమరిది కెమెరా పట్టుకుంటే, ఆయన దానిముందు కూర్చుని వాటినే మెల్లగా, నొప్పి తెలియకుండా చెప్పాడు.

"వంతెన పూర్తి చెయ్యలేదు. తప్పు నాదే. క్షమించండి. ఈసారి చేస్తాను."

వీడియో బయటికెళ్లిన కాసేపటికే దానిమీద ఫిర్యాదు పడింది. ఇచ్చింది ప్రత్యర్థులు కాదు, ఆయన సొంత పార్టీ యువజన విభాగం. తమ నాయకుడు ఇంత మర్యాదగా ఎన్నడూ మాట్లాడి ఎరగడనీ, ఇది ముమ్మాటికీ కుట్రేననీ రాసి, నకిలీ వీడియోల విచారణ అధికారిణికి అందజేసి, ఆ శుభవార్త ఆయనకే ఫోన్ చేసి చెప్పారు.

ఉరుము గారు బావమరిదిని వెంటబెట్టుకుని ఆవిడ ఆఫీసుకు పరిగెత్తాడు. ఆవిడ కుర్చీ చూపించి, ఉబ్బిన మొహాన్నీ కిటికీలోంచి కనపడుతున్న ఆయన ఎన్నికల పోస్టర్‌నీ మార్చి మార్చి చూసింది.

"అందులో ఉన్నది నేనే," అన్నాడాయన. కనీసం అలాంటి శబ్దమేదో చేశాడు.

"మీరు చెబితే చెల్లదండి. మిమ్మల్ని దగ్గర్నుంచి ఎరిగినవాళ్లు ఒక్కరైనా చెప్పాలి. తీసినవాళ్ల మాట కూడా పనికిరాదని చట్టంలో ఉంది."

ఉంది. పెట్టించింది ఆయనే. క్రితం ఎన్నికల్లో ప్రత్యర్థి తన అసలు వీడియోను నకిలీదని బుకాయించి తప్పించుకున్నాడన్న మంటతో దగ్గరుండి రాయించాడు. పోనీ మీ ఎదుటే ఇంకోసారి చెప్పిస్తానని బావమరిది బతిమాలితే, అది రెండో వీడియో అవుతుందనీ, ఫిర్యాదు మొదటిదాని మీదనీ ఆవిడ ఓపిగ్గా వివరించింది.

ముందు పళ్ల డాక్టర్‌కు ఫోన్ చేశారు. ఇవాళంతా నోరు తెరవొద్దని తాను గట్టిగా చెప్పాననీ, రోగి బుద్ధిగా తల ఊపాడనీ, కాబట్టి ఆ మాట్లాడుతున్నది తన రోగి అయ్యుండడనీ డాక్టర్ తేల్చేశాడు. ఇక మిగిలింది భార్య. ఆవిడ పొద్దున్నే చెల్లెలింటికి వెళ్లింది, ఈ గొడవేదీ తెలియదు. అధికారిణి వీడియో పంపి, ఆవిడ చూశాక, అందరికీ వినపడేలా ఫోన్ బల్లమీద పెట్టింది.

"మొహం ఆయనదే. మనిషి ఆయన కాదండి," అందావిడ నిదానంగా. "పెళ్లయి ఇన్నేళ్లయింది, తప్పు నాదే అన్న మాట ఆ నోట నేను వినలేదు. ఎవరో బాగానే చేశారు గానీ, ఆయన సంగతి తెలియనివాళ్లు చేశారు."

"అక్కా, బావ ఇక్కడే…" అని బావమరిది అందుకోబోయేసరికి అధికారిణి ఫోన్ లాగేసుకుంది. సాక్షి చేత మాట మార్పించబోవడం వేరే నేరమట. అదీ ఆయన పెట్టించిందే.

సాయంత్రానికి వీడియో మీద ఎర్రపట్టీ పడింది. ఉరుము గారు దవడకు ఐసుగడ్డ ఆనించుకుని, తన పని అయిపోయిందనుకుంటూ పడుకున్నాడు. భార్య వచ్చి ఆ వాపు చూసి పక్కన కూర్చుంది.

"నిజంగా మీరే అన్నారా?"

ఆయన తల ఊపాడు.

"ఒక్కసారి ఇంట్లో అని ఉంటే గుర్తుపట్టేదాన్ని కదండీ."

తీరా జరిగింది వేరు. ఎర్రపట్టీ ఉందని తెలిశాక ఆ వీడియో చూడనివాళ్లు లేకుండా పోయారు. బస్సుల్లో, మంగలి షాపుల్లో, ఆస్పత్రి వరండాల్లో జనం దాన్నే చూస్తూ, అసలువాడికన్నా ఈ నకిలీవాడే నయమని ఒకళ్లతో ఒకళ్లు చెప్పుకున్నారు. ఉరుము గారు మునుపెన్నడూ లేనంత ఆధిక్యంతో గెలిచాడు. నకిలీ వీడియోతో లాభపడ్డాడని కేసు వేద్దామని ఓడిన అభ్యర్థి తెగ ఆరాటపడ్డాడు గానీ, దానిమీద ఫిర్యాదు చేసినవాళ్లే గెలిచినవాళ్లయ్యేసరికి వకీలు చేతులెత్తేశాడు.

వాపు తగ్గింది, గొంతు తిరిగొచ్చింది. ఒక ఉదయం, వంతెన పూర్తికాని ఏటి అవతలి నుంచి ఒక ముసలావిడ పదిమందిని వెంటేసుకుని ఆఫీసుకు వచ్చింది.

"రండి, ఏం కావాలి?" అన్నాడాయన. కిటికీ అద్దాలు అదిరాయి.

ముసలావిడ ఒకడుగు వెనక్కి వేసి, ఆయన భుజం మీదుగా లోపలికి తొంగి చూసింది. "నువ్వు కాదు నాయనా. మేం ఓటేసిన ఆయన లేరా?"

ఉరుము గారు కుర్చీలు చూపించాడు. "ఉన్నారు, కూర్చోండి," అని చెప్పి లోపలి గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, కాస్త ఆగి, గొంతు తగ్గించుకుని బయటికొచ్చాడు.