పార్సిప్పనీ దురదృష్ట విచారణ కమిటీ

"మన ఓటములకు మనం బాధ్యులం కాము!"

న్యూజెర్సీలో మా ఊరు పార్సిప్పనీలోని ఒక బాంక్వెట్ హాల్లో డాక్టర్ రామమోహన్ గారు మైకు పట్టుకుని ఈ ప్రకటన చేసినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఆయన రిటైరైన హార్ట్ స్పెషలిస్టు, మా తెలుగు సౌభ్రాతృత్వ సమాఖ్యకు వ్యవస్థాపక అధ్యక్షులు. అంతకుముందున్న సంఘంలో ఎన్నిక ఓడిపోయారు. ఆ ఓటమిని గుర్తించడానికి మనస్సాక్షి ఒప్పుకోక, కొత్త సంఘం పెట్టి అందులో ఏకగ్రీవంగా గెలిచారు. ఓటమి గురించి మాట్లాడే అర్హత ఆయనకు కాక ఇంకెవరికి ఉంటుంది?

సమస్య ఏమిటంటే, ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆన్‌లైన్‌లో పోకర్ అనే పేకాట టోర్నమెంట్ ఒకటి ఉంటుంది. మా కార్యవర్గం మొత్తం ఎవరింట్లో వాళ్ళు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆడుతుంది. వందలమందిలో చిట్టచివరికి మిగిలినవాడు విజేత, చివరిదాకా నిలిచిన కొద్దిమందికీ ప్రైజులు. మేము మాత్రం కాఫీ చల్లారేలోపే బయటికి వస్తున్నాం. ఇది సాఫ్ట్‌వేర్ కుట్ర అని అధ్యక్షులవారి అభిప్రాయం. గ్రహస్థితి అని కోశాధికారి అభిప్రాయం. నేను ఇద్దరితోనూ ఏకీభవించాను.

అందుకని ఆ సభలోనే దురదృష్ట విచారణ కమిటీ వేశారు. చైర్మన్ ఆయన, కన్వీనర్ నేను.

ఈ వార్త ఇంట్లో చెబితే మా ఆవిడ మృదుల గిన్నెలు తోముతూనే అడిగింది.

"ఇంతకీ ఏం తేలుస్తారండీ?"

"నేను దురదృష్టవంతుణ్నని."

"సరే. నిజంగా బ్యాడ్ లక్కేనని తేలితే ఆడుకోండి, నేను నోరెత్తను. మీకు ఆడటం రాదని తేలితే మాత్రం ఆ యాప్ తీసేసి, ఆదివారాలు దియకి డ్రైవింగ్ నేర్పండి. పర్మిట్ తెచ్చుకుని పిల్ల ఎన్నాళ్ళని ఎదురుచూస్తుంది?"

అప్పటినుంచి నా పరువూ, నా ఆదివారాలూ రెండూ కమిటీ చేతిలో పడ్డాయి.

కమిటీ రాత్రనక పగలనక పనిచేసింది. ముందు ల్యాప్‌టాప్‌లన్నీ తూర్పుకి తిప్పించాం. ఓడిపోయాం. తర్వాత రాహుకాలం చూశాం. ఇండియన్ స్టోర్‌లో ఫ్రీగా ఇచ్చిన క్యాలెండర్‌లోని టైము హైదరాబాద్‌దని తేలడంతో, అంతవరకూ మేం జాగ్రత్తగా తప్పించుకున్నది న్యూజెర్సీలోని శుభఘడియల్నని అర్థమైంది. వేసవి కోసం ఇక్కడ గడియారాన్ని గంట ముందుకు జరిపితే రాహువు కూడా జరుగుతాడా అన్న అంశంపై సబ్‌కమిటీ వేశాం. దాని నివేదిక ఇంకా రావాలి.

ఈలోగా ఇన్సూరెన్స్ కంపెనీలో డేటా పని చేసే మా సభ్యుడు అనూప్, ఎవరూ అడక్కుండానే, నేను ఆడిన ఆటలన్నీ కూర్చుని విశ్లేషించాడు. ఆ కుర్రాడిలో ఈ ఒక్క దుర్గుణమే ఉంది.

"అన్నా, మొత్తం చూసిన. నీకు ముక్కలు మస్తు మంచిగ పడ్డయి. యావరేజ్ కన్నా జర ఎక్కువనే ఉంది నీ లక్కు."

"మరి ఎందుకు ఓడిపోతున్నాను?"

"ఏడు, రెండు వచ్చినప్పుడల్లా ఉన్న చిప్స్ అన్నీ పందెంలకి తోస్తున్నవు. పోకర్‌ల అంతకన్నా పనికిరాని జత లేదన్నా. ఎందుకట్ల?"

"మా అపార్ట్‌మెంట్ నంబర్ డెబ్భై రెండు. సెంటిమెంట్."

"మాది నాలుగు వందల పదకొండు. మరి నేనేం జేయాలె?"

"నీకు పేకాటలో భవిష్యత్తు లేదు" అని చెప్పాను.

నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం పోయినంత పనైంది. అదృష్టం లేదంటే ఎవరైనా భరిస్తారు. ఉందంటే ఎలా భరించడం? పరుగెత్తి అధ్యక్షులవారికి చెప్పుకున్నాను.

"డేటా అంటే ఏమిటోయ్ యోగానంద్? నిన్నటి సంగతి. మన ఫీలింగ్ ఇవాళ్టిది" అని ఆయన ధైర్యం చెప్పారు. అనూప్ రిపోర్టును పునఃపరిశీలనకు పంపి, అనూప్‌ను పార్కింగ్ ఇన్‌చార్జిగా ప్రమోట్ చేశారు. కార్యవర్గమంతా దురదృష్టవంతులేనని మూజువాణి ఓటుతో తీర్మానించారు. అందరిలోకీ దురదృష్టవంతుడికి శాలువా కప్పాలని కూడా నిర్ణయించారు. దానికి పోటీ తీవ్రంగా ఉండింది. అధ్యక్షులవారికీ ఆశ ఉందిగానీ, పదవిలో ఉండి దురదృష్టం కూడా ఉంచుకుంటే బాగుండదని పెద్దమనసుతో తప్పుకున్నారు. నన్ను ఎన్నుకున్నారు.

సన్మానం ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. నేను అప్పటికే టోర్నమెంట్‌కి రిజిస్టర్ అయి ఉన్నాను. హాల్లోనే లాగిన్ అయి, ల్యాప్‌టాప్ మా అమ్మాయి దియ ఒళ్ళో పెట్టి, "ఏదీ ముట్టుకోకు, ఇప్పుడే వస్తా" అని స్టేజి ఎక్కాను. కుర్చీలో మనిషి లేకపోతే సాఫ్ట్‌వేరే ప్రతిసారీ ముక్కలు పడేసి పందెం వదులుకుంటుంది. పడేస్తే పడేసింది, సన్మానం మళ్ళీ మళ్ళీ రాదు గదా.

అధ్యక్షులవారు మైకు అందుకున్నారు. "యోగానంద్ దురదృష్టం యోగానంద్ ఒక్కడి సొత్తు కాదు. అది జాతి సంపద!" అలా మొదలుపెట్టి తమ జీవితచరిత్రలోకి వెళ్ళారు. మెడికల్ కాలేజీ అయింది, రెసిడెన్సీ అయింది, పాత సంఘంలో రిగ్గింగ్ కూడా అయింది. సమోసాలు రెండుసార్లు వేడిచేశారు. చివరికి శాలువా తీసి నా భుజం మీద వేస్తున్నారు.

"నాన్నా!" రెండో వరసలోంచి దియ కేక పెట్టింది. "యూ ఆర్ ఇన్ ద మనీ! ప్రైజ్ వచ్చింది! ఎవరూ ఆడట్లేదు, ఇట్స్ స్టిల్ గోయింగ్!"

నేనెప్పుడూ అంత దూరం వెళ్ళి ఎరగను. శాలువా సగంలో ఆగింది.

"ఏం ఆడావోయ్?" అన్నారు అధ్యక్షులవారు, మైకు పక్కకి తిప్పి.

"ఏమీ ఆడలేదండీ. మీరు మాట్లాడుతుంటే వింటూ కూర్చున్నాను."

ప్రైజు వచ్చినవాడు శాలువాకి అర్హుడు కాడు గనక ఆయన దాన్ని మెల్లగా వెనక్కి తీసి తమ భుజాన వేసుకున్నారు. నాయకుడంటే ఆయనే. "చూశారా! దురదృష్టం సాఫ్ట్‌వేర్‌లో లేదు. యోగానంద్‌తో పాటు స్టేజి ఎక్కింది! కమిటీ కష్టం ఫలించింది!" అని గర్జించారు.

చప్పట్లు మోగిపోయాయి. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. మృదుల మాత్రం కొట్టలేదు.

"అయితే తేలిందన్నమాట" అంది కారెక్కుతూ.

"బ్యాడ్ లక్కేనని అధ్యక్షులే అన్నారుగా."

"అది మీతోనే తిరుగుతుందని కూడా అన్నారు. వచ్చే ఆదివారం దాన్ని వెంటపెట్టుకుని ల్యాప్‌టాప్‌కి దూరంగా వెళ్ళండి. దియని తీసుకుని."

అధ్యక్షులవారి మాట కాదనకూడదు గనక ఒప్పుకున్నాను.

మరుసటి ఆదివారం ఇంట్లో ల్యాప్‌టాప్ లాగిన్ చేసి వదిలేసి, దియని ఒక ఆఫీసు వెనక ఖాళీ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళాను. ప్లాస్టిక్ కోన్‌లు పెట్టి, వాటి మధ్య పార్క్ చేయమన్నాను. "ఎడమకి తిప్పు, కాదు కుడికి, బ్రేక్, బ్రేక్, అయ్యో!" అని ఎంత శ్రద్ధగా చెప్పినా ప్రతిసారీ కోన్ పడిపోతూనే ఉంది. పాపం, పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అది కోన్‌లు సర్దుతుండగా ఫోన్‌లో ఆ యాప్ తెరిచాను. చూడటం ఆడటం కాదు. ఇంట్లో ల్యాప్‌టాప్ ముక్కలు పడేస్తూ, పడేస్తూ, మళ్ళీ ప్రైజు దగ్గరికి చేరింది. ఇంకొక్క మనిషి ఆటలోంచి పోతే చాలు, ప్రైజు వచ్చినట్టే.

సరిగ్గా అప్పుడే ఏడు, రెండు వచ్చాయి.

వేలు దానంతటదే వెళ్ళింది. చిప్స్ అన్నీ తోసేశాను. పోయిన ఆ ఒక్క మనిషీ నేనే.

"ఏమైంది నాన్నా?"

"ఏం లేదమ్మా. బ్యాడ్ లక్."

దియ నా ఫోన్ వైపు, పడి ఉన్న కోన్ వైపు చూసింది. "నాన్నా, నువ్వు ఒక టూ మినిట్స్ అక్కడ నించో, ప్లీజ్? ఫార్. నేను ట్రై చేస్తా."

దూరంగా వెళ్ళి నిలబడ్డాను. కారు వెనక్కి వచ్చి, ఒక్కసారికే కోన్‌ల మధ్య చక్కగా ఒదిగి ఆగింది. ఒక్కటీ పడలేదు.

అదృష్టంలో దియది వాళ్ళమ్మ పోలిక.