పరదేశంలో ప్రశాంత స్థలం కావలెను

అయ్యలారా, అమ్మలారా! కాపురాలు పచ్చగా ఉండాలంటే దంపతులన్నవాళ్లంతా పరాయి దేశపు పల్లెటూళ్లో ఇంటిస్థలం వెతకాలి. కొనమనడం లేదు. వెతకమంటున్నాను!

మా సంగతే చూడండి. మాది మూడో అంతస్తు ఫ్లాటు. మా వంటింటి కిటికీలోంచి చీపురు చాపితే పక్క బిల్డింగ్ బాత్రూమ్ కిటికీకి తగులుతుంది. అక్కడ ఆయన గొంతు పుక్కిలిస్తుంటే ఇక్కడ మా ఆవిడ కుక్కర్ విజిల్స్ లెక్క తప్పుతుంది. పై ఫ్లాటులో డ్రిల్లింగ్ మొదలై రెండేళ్లయింది. ఇంకా తొలవడానికి గోడలు మిగిలాయంటే కట్టినవాడికి దణ్ణం పెట్టాలి! ఇక పద్దెనిమిదేళ్ల కాపురంలో మా మాటలు "గ్యాస్ కట్టేశావా?", "మోటార్ ఆపారా?" దగ్గరికొచ్చి ఆగిపోయాయి.

అలాంటి మమ్మల్ని విదేశాల్లో స్థలాలమ్మే ఒక వెబ్‌సైట్ ఆదుకుంది. పచ్చటి కొండవాలు, కింద వాగు, కనుచూపు మేరలో మనిషన్నవాడు లేని ఫోటో! అంతే, టిఫిన్ ప్లేటు పక్కన స్థలాలు, ఆఫీసులో ఫైలు చాటున స్థలాలు. మూడేళ్లలో నాలుగు వందల స్థలాలు వద్దనేశాం. ఆఫీసులో నా కుర్చీ మార్చమంటే పట్టించుకునే దిక్కు లేదు. అక్కడ కొండలకు కొండలే తిరస్కరించాను! ఇంతటి హోదా ఏ ప్రమోషన్ ఇస్తుంది?

విజ్ఞానం మాటేమిటి? మా వీధి మురుగు ఎటు పోతుందో నాకు తెలియదు. కానీ మంచు కురిసే చోట సెప్టిక్ ట్యాంకు ఎంత లోతున ఉండాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. లేని ఇంటికి పెట్టని కిటికీ తూర్పుకా, దక్షిణానికా అన్న గొడవలో నాలుగు రోజులు అలిగి కూర్చున్నాం, కొత్త దంపతుల్లా! ఉన్న ఇంట్లో ఆ భాగ్యం ఎక్కడిది?

ఒక్క తప్పు చేశాం. వెళ్లి చూశాం.

ఏజెంటు మన భాషవాడే. విమానం దిగగానే కారెక్కించుకున్నాడు. "పీస్ అంటే ఇదీ సార్! మిమ్మల్ని పలకరించే నాథుడు ఉండడు" అన్నాడు. మూడు గంటల ప్రయాణం తర్వాత ఊరొచ్చింది. పదకొండు ఇళ్లు. పదింటికి తాళాలు.

"ఎంత నీటుగా ఉందండీ!" అని మా ఆవిడ మురిసిపోయింది.

స్థలం ఫోటోలోకన్నా బాగుంది. చిక్కల్లా దారితోనే. పదకొండో ఇంటి పశువుల కొట్టం ముందునుంచి వెళ్లాలి. దారి ఇస్తున్నట్టు ఆ ఇంటావిడ సంతకం పెట్టాలి.

ఆవిడకు డెబ్బై ఉంటాయి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. మేము వెళ్లేసరికి ఆవు ఈనుతోంది. నమస్కారాలు లేవు, కుశల ప్రశ్నలు లేవు. మా ఆవిడ చేతికి తాడిచ్చింది, నా చేతికి బకెట్టిచ్చింది. ఏజెంటు తన షూస్ కాపాడుకుంటూ దూరంగా జరిగాడు. అరగంట లాగిన తర్వాత దూడ తడితడిగా గడ్డిలో పడింది. మా ఆవిడ అక్కడే కూలబడి ఏడుస్తూ నవ్వింది. ఆమె అలా నవ్వడం చూసి ఎన్నేళ్లయిందో!

అప్పుడు పెద్దావిడ చేతులు కడుక్కుని చాలాసేపు మాట్లాడింది.

"వెల్కమ్ అంటున్నారు సార్" అన్నాడు ఏజెంటు.

ఆ ఒక్క ముక్కకు అంత ప్రసంగమా? ఆమెకూ అనుమానం వచ్చినట్టుంది. జేబులోంచి ఫోన్ తీసి దాంట్లో మాట్లాడింది. ఫోన్ మాకు తెలుగులో చెప్పింది, రైల్వే అనౌన్స్‌మెంట్ గొంతుతో.

"ఏడాదికి ఎన్నాళ్లు ఉంటారు?"

"సెలవుల్లో ఓ పదిహేను రోజులండీ. మావల్ల ఏ అల్లరీ ఉండదు. మాకు ప్రశాంతత కావాలి, అంతే" అన్నాను గర్వంగా.

ఆమె ఒక్కొక్క ఇల్లే వేలుపెట్టి చూపించింది.

"వాళ్లూ ప్రశాంతత కోసమే కొన్నారు. వాళ్లూ పదిహేను రోజులే ఉంటారు. పిల్లలు లేక బడి మూసేశారు. మనుషులు లేక కొట్టు మూసేశారు. నిరుడు నేను ఇక్కడే జారిపడ్డాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అరిచాను. చుట్టూ ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతత ఇక నాకు చాలు. ఏడాదంతా ఉండి అల్లరి చేసేవాళ్లు ఉంటే పంపండి."

సంతకం పెట్టలేదు.

కారులో ఏజెంటు నన్ను ఓదార్చాడు. "ఫీలవకండి సార్. పెద్దావిడ, ఎన్నాళ్లుంటుంది? ఓ రెండేళ్లు ఆగితే..."

"ఏమయ్యా! మనిషి ఎప్పుడు పోతుందా అని కాచుక్కూర్చోమంటావా మమ్మల్ని?" అంది మా ఆవిడ. ఎయిర్‌పోర్టు దాకా కారులో అసలైన ప్రశాంతత!

ఇంటికొచ్చాక ఆమె వెతకడం మానేసింది. నేను మానలేదు. ఇన్ని లాభాలున్న పనిని ఎవరైనా మానుకుంటారా? నెలకోసారి ఏజెంటు మెసేజ్ పెడతాడు: "పెద్దావిడ ఇంకా ఒప్పుకోలేదు సార్." చదివి హమ్మయ్య అనుకుంటాను. "ట్రై చేస్తూ ఉండండి" అని జవాబిస్తాను.

నా మంచి మనసును మెచ్చుకోబోతున్నారా? తొందరపడకండి! ఆ పెద్దావిడ సరేనన్న మర్నాడే విమానం ఎక్కేది ఎవరనుకున్నారు? నా మీద నాకు రవ్వంత నమ్మకం లేదు. ఉన్న నమ్మకమంతా ఆవిడ మీదే.