గుర్రం కింద మామగారు

బావమరిది వేసి పంపిన గుర్రం బొమ్మ సోఫా పైన గోడకెక్కిన రోజు నుంచీ సైన్సు మాస్టారికి ఇంట్లో టీ కూడా సయించడం లేదు. ఆ చెక్క ఫ్రేము మంచం కోడంత లావున్నా ఓర్చుకున్నారు. గుర్రం పళ్లికిలించే తీరు అచ్చం మాస్టారిలాగే ఉందని వచ్చినవాళ్లంతా అంటుంటేనే ఒళ్లు మండుతోంది.

తీసేద్దామంటే ఇల్లాలు ఊరుకోదు. మరి దానంతటదే పడితే? అప్పుడు తప్పు కిందికి లాగిన భూమిది!

ఆ ఉదయం ఆవిడ స్నానానికి వెళ్లగానే మేకును సగం బయటికి లాగి, సంచీ పట్టుకుని బజారుకు జారుకున్నారు.

తిరిగొచ్చేసరికి గుర్రం గోడ మీదే ఉంది. దాని కింద, సోఫాలో, చెప్పాపెట్టకుండా దిగిన మామగారి బట్టతల నిగనిగలాడుతోంది.

మాస్టారి గుండె జారి కూరల సంచీలో పడింది.

గాలి అడ్డు లేకపోతే ఈకైనా ఇనుమైనా ఒకే వేగంతో పడతాయని క్లాసులో ఏళ్ల తరబడి చెప్పిన మనిషి. బట్టతల మీద పడితే మాత్రం ఆ రెండూ ఒకటి కావని ఇప్పుడే తట్టింది.

"మామయ్యగారూ, ఇలా కుర్చీలోకి రండి."

"ఇక్కడ హాయిగా ఉంది అల్లుడుగారూ," అంటూ ఆయన ఇంకాస్త వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు.

"సోఫాలో నల్లులున్నాయండీ!"

"నల్లులేంటి? నిన్ననేగా ఎండలో వేశాను!" వంటింట్లోంచి ఇల్లాలి గొంతు.

వీధిలో లారీ వెళ్లింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. గోడ దగ్గర ఏదో కిర్రుమంది.

చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే మామగారే పోతారు. మాస్టారు ఒక్క గెంతులో సోఫా చేతి మీదికెక్కి ఫ్రేమును రెండు చేతులా గోడకు అదిమిపట్టారు.

మామగారు కళ్లు తెరిచారు. "ఏంటండీ అది?"

"బొమ్మ చూస్తున్నానండీ."

"కావలించుకునా?"

చేతులు లాగేస్తున్నాయి. ఇంకో లారీ వస్తే అంతే సంగతులు. ఇల్లాలు టీ తెచ్చి నింపాదిగా బల్ల మీద పెడుతుంటే, వంగలేక వంగి ఆవిడ చెవిలో గొణిగారు. "మీ నాన్నగారిని లేపు! మేకు ఊడుతోంది. నేనే లాగాను."

"తెలుసు," ఆవిడా గుసగుసగానే అంది. "స్నానం చేసొచ్చి తుడుస్తుంటే ఊగింది. మీరు బజారులో ఉండగానే కొత్త మేకులు కొట్టి తీగ బిగించాను. ఇక వదలండి."

వదిలారు. గుర్రం కదల్లేదు. పట్టు తప్పి మాస్టారే దభీమని నేల మీద కూలబడ్డారు.

మామగారి కళ్లు చెమర్చాయి. "మావాడి బొమ్మంటే ఇంత ప్రాణమా అల్లుడుగారూ! మీ పడకగదికి దీనికి రెట్టింపుది వేయమని ఇప్పుడే ఫోన్ చేస్తాను."

ఇల్లాలు లోపలికెళ్లి సుత్తి తెచ్చి, నడుం పట్టుకుని లేస్తున్న మొగుడి చేతిలో పెట్టింది.

"దానికి మేకు మీరే కొట్టండి. కింద పడుకునేది మీరే కదా!"