పలకరింపులకు గురువారం

ఫిరంగి పేల్చడం వచ్చినవాడికి పరిపాలన దానంతటదే వస్తుందని బ్రిటిష్ సామ్రాజ్యం తేల్చింది. మేజర్ హెర్బర్ట్ పెల్లింగ్ అందుకు సజీవ సాక్ష్యం. సైన్యంలో పదకొండేళ్లు ఫిరంగులు మోసే కంచరగాడిదల మీద అధికారం చేశాడు. మోకాలు దెబ్బతినగానే, ఇక జిల్లాను ఏలడానికి పనికొస్తాడని లండన్‌లో ఎవరో సంతకం పెట్టారు. అలా ఉత్తర నైజీరియాలో ఒక జిల్లాకు దొర అయ్యాడు. ("గాడిదలు ఓటేస్తే ఓడిపోయేవాణ్ణి" అని ఆయనే ఒప్పుకునేవాడు.)

అక్కడి హౌసా జనానికి పలకరింపులో పిసినారితనం తెలీదు. పని చెప్పుకునే ముందు ఇల్లెలా ఉంది, అలసటెలా ఉంది, ఎండెలా ఉంది అని వరసగా అడుగుతారు. అన్నిటికీ "చల్లగానే ఉంది" అనాలి (ఎండతో సహా). ఫైళ్లు పేరుకుపోయాయి. పైగా "ఇంట్లోవాళ్లు కులాసాయేనా?" అన్నప్పుడల్లా దొర కలం వదిలేసి కిటికీ వైపు తిరిగిపోయేవాడు. ఇంటి నుంచి ఉత్తరం వచ్చి నాలుగేళ్లయింది.

అందుకని పద్నాలుగో నంబరు ఉత్తర్వు వెలువడింది. పలకరింపులు గురువారం పది నుంచి పదకొండు వరకే. ఇంటి ప్రస్తావనకు ముందస్తు అనుమతి తప్పనిసరి. (జ్వరమొచ్చినవాడి క్షేమం వచ్చే గురువారం విచారించవచ్చు.) ఉల్లంఘిస్తే, అడిగినవాడూ జవాబిచ్చినవాడూ ఇద్దరూ కచేరీ ముంగిలి ఊడవాలి.

దొర పదోన్నతి తేల్చడానికి గవర్నరు మంగళవారం వచ్చాడు. ఊరంతా దారికి ఇరువైపులా నిలబడింది. ఒక్కడూ నోరు మెదపలేదు.

"ఏమయ్యా పెల్లింగ్, నువ్వంటే వీళ్లకింత కసా?" అన్నాడు గవర్నరు.

దొర తన దుబాసీ దన్‌లాదీ చెవి దగ్గరకు వంగి, "ఏదో ఒకటి అడగమనవయ్యా బాబూ!" అని బతిమాలాడు.

"ఇవాళ మంగళవారం కదా దొరా. ఇంతమందికీ చీపుళ్లెక్కడివి?"

పదోన్నతి పోయింది. ఇంటికెళ్లమని కాగితం వచ్చింది. సోమవారం పొద్దున మోటారెక్కబోతూ దొర ఆగాడు. వీడ్కోలుకు దన్‌లాదీ ఒక్కడే వచ్చాడు. అతనూ మాట్లాడలేదు. దొరకు ఏడుపొచ్చినంత పనయింది.

"ఎనిమిదేళ్లు కలిసి పనిచేశాం. నన్నేమీ అడగవా?"

దన్‌లాదీ అటూ ఇటూ చూశాడు. "ఇంట్లోవాళ్లు కులాసాయేనా, దొరా?"

"చల్లగానే ఉన్నారు."

దన్‌లాదీ తలూపి లోపలికెళ్లి రెండు చీపుళ్లు తెచ్చాడు. ఒకటి దొర చేతిలో పెట్టాడు. "అటువైపు మీది."

ఎనిమిదేళ్ల ఏలుబడిలో మేజర్ పెల్లింగ్ ఆ జిల్లాకు పనికొచ్చింది ఆ అరగంటే.