సున్నా పళ్ల ధ్రువపత్రం

ప్రతి జబ్బుకూ ఒక మందు ఉంది, ప్రతి మందుకూ ఒక ఫారం ఉంది, ఫారానికి మాత్రం ఇంతవరకూ ఎవరూ మందు కనిపెట్టలేదు.

రిటైరైన ఆఫీసు సూపరింటెండెంటు గారి రక్తంలో కాల్షియం హద్దు దాటింది. దాంతో మతి గతి తప్పి, నలభై ఏళ్లు కాపురం చేసిన భార్యను పట్టుకుని "మేడమ్, మీ టోకెన్ నంబరెంత?" అని అడగసాగారు. ఆవిడకు ఏడుపు ఆగలేదు. "ఏమోయ్" అనే ఆ పాత పిలుపు మళ్లీ చెవిన పడితే చాలనుకుంది.

"కంగారు పడకండమ్మా," అన్నాడు డాక్టరు. "బిస్ఫాస్ఫోనేట్ అని ఒక మందు, డ్రిప్పులో ఎక్కిస్తాం. ఎముకల్లోంచి కాల్షియం రక్తంలోకి రాకుండా ఆపుతుంది. రెండు మూడు రోజుల్లో మామూలైపోతారు. కాకపోతే అరుదుగా దవడకు ఇబ్బంది రావచ్చు, అందుకని పళ్ల విభాగం సర్టిఫికెట్ కావాలి."

"ఆయనకు పళ్లే లేవు బాబూ!"

"ఆ ముక్కే రాయించుకు రండి."

పళ్ల విభాగంలో లెక్కింపు అధికారిణి (చిగుళ్ల అధికారి వేరు, ఆయన సెలవులో ఉన్నారు) కంప్యూటర్లో సున్నా కొట్టింది. తెర ఎర్రబడింది.

"సున్నా తీసుకోదండీ. కనీసం ఒక్క పన్నైనా ఉండాలి."

"ఎక్కణ్ణుంచి తెమ్మంటావు తల్లీ?"

"అది నిబంధనల్లో లేదండీ."

ఆవిడ సంచిలోంచి డబ్బా తీసి, ఆయన కట్టుడు పళ్ల సెట్టు బల్లమీద పెట్టింది. అధికారిణి ముఖం విప్పారింది. సెట్టుకు టోకెన్ ఇచ్చారు, కుర్చీలో పెట్టారు, లైటు వేసి నోరు తెరిపించారు. ఇరవై ఎనిమిదీ భేష్. (రోగి చక్కగా సహకరించారని కూడా రాశారు.) సెట్టు చేయించి మూడేళ్లయింది కనుక వయసు మూడేళ్లని వేశారు. మైనరు కాబట్టి ఆవిడ సంతకమే సరిపోయింది. మోతాదు మాత్రం డాక్టరు మనిషిని చూసే రాశాడు.

డ్రిప్పు ఎక్కిన మూడో రోజు పొద్దున సూపరింటెండెంటు గారు కళ్లు తెరిచి, "ఏమోయ్!" అన్నారు.

ఆవిడ ప్రాణం లేచొచ్చింది. ఆయన కళ్లజోడు అడిగారు, ఫైలు అడిగారు, తిరగేసి తిరగేసి చూశారు.

"'రోగికి పళ్లతో బంధుత్వం' గడి ఖాళీగా వదిలేశావేం? ఎవడు పాస్ చేశాడు దీన్ని? పద, మందు వెనక్కిచ్చేసి, ఫారం మొదటినుంచీ నింపుకొద్దాం."

ఆవిడ కళ్లు తుడుచుకుని నెమ్మదిగా డాక్టరు గదికి వెళ్లింది.

"బాబూ, కాల్షియం కాస్త పెంచే మందుకు ఫారం ఎక్కడిస్తారు?"