పొగిడితే ముట్టుకోవాలి

ఆ ఉదయం ఆకాశం నీరుకావి రంగుకు తిరిగింది. దక్షిణపు గాలి సముద్రం దాటించి ఎడారి దుమ్ము మోసుకొచ్చింది. "ఈ గాలికి వైన్ రుచీ తెలియదు, మనుషుల బుద్ధీ నిలవదు," అంది తతానా అత్త. ఎనభై రెండేళ్ల ఆ మనిషి పీపాల కొట్టు గడపలో కూర్చుని ఉంది.

మేనల్లుడు గొనారియో గ్లాసులు తుడుస్తున్నాడు. అతను మాట్లాడడమే అరుదు. ఆ రోజు కాల్యారి పట్నం నుంచి లొరెల్లా అనే హోటలామె వస్తోంది. కాల్చిన మాంసానికి జోడీ కుదిరే ఎర్ర వైన్ వెతుకుతోందట. కొట్లో నాలుగు పీపాల కన్నొనావు ఎర్ర వైన్ ఉంది. ఈసారీ అమ్ముడుపోకపోతే తండ్రి నాటిన ద్రాక్షతోట పీకించి, బావమరిది గొర్రెలకు మేతగడ్డి వేస్తానని భార్య బాసీలియాకు మాటిచ్చాడు. బాసీలియా మాట మరిచే మనిషి కాదు.

పీపాల మధ్యే బల్ల వేశారు. రెండేళ్లు మగ్గిన గొర్రెపాల జున్ను, అడవి ఆకుల మీద పడుకోబెట్టిన కాల్చిన పందిపిల్ల, బుట్టెడు పలచటి రొట్టె పెట్టారు. ఆ రొట్టె కొరికితే పెళపెళమని పక్కవాడి మాట వినబడదు. కాపురాలు నిలుస్తున్నది అందువల్లేనని ఊళ్లో అంటారు.

లొరెల్లా వచ్చింది. గ్లాసెత్తి వాసన చూసి, ఓ గుక్క నోట్లో తిప్పుకుని, "అబ్బ! ఏం వైన్ అండీ!" అంది.

తతానా అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. పొగిడిన మనిషి పొగిడినదాన్ని ముట్టుకోకపోతే దిష్టి తగులుతుంది. పసిపిల్లకైనా, పాడి గొర్రెకైనా ఆ ఊళ్లో అదే లెక్క. "ముట్టుకో తల్లీ, పీపాను ముట్టుకో!"

పట్నం మనిషికి ఇదేం తెలుసు? రుచి చూసే పద్ధతుల్లో ఇదొకటి కాబోలనుకుని అరచెయ్యి ఆనించింది. సరిగ్గా కారుతున్న బిరడా కింద. చెయ్యి ఎర్రబడింది.

"జున్ను పాలరాయిలా ఉందే!"

"ముట్టుకో!"

జున్ను మీద ఐదు వేళ్లూ పడ్డాయి.

"పందిపిల్ల చర్మం చూడండి, బంగారం!"

"ముట్టుకో, ముట్టుకో!"

అది అప్పుడే నిప్పుల మీంచి దిగింది. లొరెల్లా కెవ్వుమని ఎగిరింది. మోచెయ్యి తగిలి కూజా బోర్లాపడింది. అందులోని వైనంతా రొట్టెల బుట్టలోకి దిగింది.

"అత్తా, నీ నోటికో దండం!" అంది బాసీలియా.

"నా నోరేం చేసిందే? ఒరేయ్ గొనారియో," అని అత్త అతని చెవిలో గొణిగింది, "ఆ పిల్ల ఇంకోసారి పొగిడిందంటే కొట్టే కూలుతుంది. అది నోరు తెరవకముందే నువ్వు తిట్టెయ్యి."

లొరెల్లా కాలిన వేలు గ్లాసులో ముంచి, "ఏమైనా ఈ వైన్..." అనబోయింది.

"కుడితి!" అన్నాడు గొనారియో. ఆ ఏడాది పరాయి మనిషితో అతనన్న మొదటి మాట అది.

"ఏమిటీ?"

"కుడితినీళ్లమ్మా. గొర్రెలు కూడా తాగవు."

బాసీలియా చేతిలోని చాకు బల్ల మీద పెట్టింది. "ముప్పై ఏళ్లుగా ఇది అమృతమని నా బుర్ర తిన్నావు కదయ్యా! మా తమ్ముణ్ని గొర్రెలు తోలుకురమ్మననా?"

"అమ్మడం ఇష్టం లేకపోతే ముందే చెప్పాల్సింది గొనారియోగారూ. మూడు గంటలు బండి నడుపుకుంటూ వచ్చాను," అని లొరెల్లా సంచీ భుజాన వేసుకుంది.

గొనారియో బయటికి చూశాడు. గడప అవతల దుమ్ములో మోకాలెత్తు ద్రాక్ష మొక్కల వరసలు కనిపిస్తున్నాయి. తతానా అత్తే చెయ్యి అడ్డం పెట్టింది. "వాడు తిట్టింది వైన్‌ని కాదు తల్లీ, దిష్టిని. మా దగ్గర పొగిడితే ముట్టుకోవాలి, లేదంటే పొగడకూడదు. తినకుండా గడప దాటావో, అది దిష్టి కన్నా పెద్ద తప్పు. కూర్చో."

లొరెల్లా కాలిన వేలు చూసుకుంది. కూర్చుంది. ఈసారి నోరు గట్టిగా బిగించుకుంది.

వైన్ పీల్చి మెత్తబడ్డ రొట్టెలో జున్ను, మాంసం ముక్క చుట్టి కొరికింది. ఆగింది. కళ్లు మూసుకుంది. ఇంకోటి చుట్టుకుంది. మరోటి. ఒక్క మాట లేదు. గొనారియో ఆమె మొహం చూడలేక తన పళ్లెం చూసుకున్నాడు. తోట పోయిందనుకున్నాడు.

అప్పుడామె నములుతూనే లేచి, ఎర్రటి అరచెయ్యి మొదటి పీపాకు ఆనించింది. తర్వాత రెండోదానికి. మూడోదానికి. నాలుగోది మూలన ఉంటే, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి మరీ ముట్టుకుంది. వచ్చి కూర్చుని, సంచీలోంచి చెక్కుల పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

బాసీలియా ఆమె పళ్లెంలో ఇంకో ముక్క వేసింది. తతానా అత్త పెదవి మీద వేలుంచి అందరినీ ఒకసారి చూసింది. ఎవరూ ఏమీ పొగడలేదు. నలుగురూ తలలు వంచుకుని తిన్నారు.

రొట్టె తడిసిపోయింది గనుక ఆ పూట అదీ నోరెత్తలేదు.